బడి దూరం, బస్సు భారం

ఇంగ్లండ్‌లో పొద్దున ఏడున్నరకల్లా ఒక ఇంటి ముందు టాక్సీ ఆగుతుంది. డ్రైవరుతో పాటు మరో మనిషి దిగుతుంది. దారి పొడవునా పిల్లాడిని కనిపెట్టుకుని ఉండడమే ఆమె ఉద్యోగం. పిల్లాడికి ఆటిజం ఉంది. కొత్త మనుషులు, పెద్ద చప్పుళ్లు, నలుగురితో కిక్కిరిసిన బస్సు అతను తట్టుకోలేడు. వెనక సీట్లో అతనొక్కడే కూర్చుంటాడు. అతనికి చోటు దొరికిన ప్రత్యేక బడి ఇంకో పట్నంలో, ముప్పయి కిలోమీటర్ల అవతల ఉంది. సాయంత్రం మళ్లీ అదే కారు, అదే మనిషి. కిరాయి, ఆమె జీతం రెండూ స్థానిక కౌన్సిల్ ఖజానా నుంచే. ఇలాంటి ఏర్పాటు అక్కడ అరుదైన సంగతి కాదు. వేల ఇళ్ల ముందు రోజూ జరిగేదే.

2023-24లో ఇంగ్లండ్ కౌన్సిళ్లు పిల్లల్ని బడికి చేర్చడానికి పెట్టిన ఖర్చు 230 కోట్ల పౌండ్లు. మన లెక్కలో పాతిక వేల కోట్ల రూపాయలకు పైమాటే. ధరల పెరుగుదలను తీసేసి చూసినా 2015-16 కంటే ఇది 70 శాతం ఎక్కువని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 అక్టోబరులో తేల్చింది. గ్రంథాలయాలు, రోడ్ల మరమ్మతులు, వృద్ధుల సంరక్షణ అన్నీ చూసుకోవాల్సిన కౌన్సిళ్లకు ఈ ఒక్క పద్దు గుండెల మీద కుంపటి అయింది.

ప్రభుత్వ సొమ్ముతో పిల్లల్ని బడికి చేర్చే పని ఇంగ్లండ్‌లోనే కాదు, అమెరికాలోనూ, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజురోజుకూ బరువవుతోంది. చర్చ మాత్రం ఎక్కడ చూసినా బస్సు దగ్గర మొదలై బస్సు దగ్గరే ఆగిపోతోంది. డీజిల్ ధర, డ్రైవర్ జీతం, టెండరు రేటు అంటూ లెక్కలు వేస్తారు. అవన్నీ నిజమే కానీ అసలు కారణం వాటిలో లేదు. బడి ఎక్కడ కట్టారు, ఎక్కడ మూశారు, ఏ పిల్లకు ఏ బడిలో చోటిచ్చారు అన్న నిర్ణయాల మూల్యమే చివరికి రవాణా పద్దులో తేలుతోంది. ఆ నిర్ణయాలు తీసుకున్న చోట ఎవరూ ఈ లెక్క చూడరు. బిల్లు వచ్చాక బస్సును తప్పు పడతారు.

ఇంగ్లండ్ చట్టం పాతది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రెండు మైళ్లు, ఆపై వయసు వాళ్లకు మూడు మైళ్లు నడవదగిన దూరమని 1944 విద్యా చట్టం గీత గీసింది. అంతకు మించితే కౌన్సిలే ఉచితంగా తీసుకెళ్లాలి. ఎనభై ఏళ్లు దాటినా ఆ గీత చెరగలేదు. 1996 చట్టంలోనూ అదే దూరం ఉంది. పేద కుటుంబాలకు మరికొంత వెసులుబాటు 2006లో వచ్చింది. దారి ప్రమాదకరమైనా, పిల్లకు వైకల్యం ఉండి నడవలేకపోయినా దూరంతో నిమిత్తం లేకుండా వాహనం పంపాల్సిందే.

నడవదగిన దారి అంటే ఏది? ఈ ప్రశ్న అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. ఎసెక్స్ కౌంటీలో ఒక బాలిక ఇంటి నుంచి బడికి దగ్గరి దారి మూడు మైళ్లకు కాస్త తక్కువ. అయితే అది కాప్‌ఫర్డ్ ప్లెయిన్స్ అనే చోట మనుషుల అలికిడి లేని మట్టి బాట మీదుగా పోతుంది. శీతాకాలంలో ఆ పిల్ల అక్కడ ఒంటరిగా నడవలేదని తల్లిదండ్రులు వాదించారు. పెద్దవాళ్లెవరైనా తోడుంటే నడవగలిగే దారి అయితే చాలు, దాన్ని దారిగానే లెక్కించాలని 1980ల నడుమ తీర్పు వచ్చింది. తోడు వెళ్లాల్సిన అమ్మ పొద్దున్నే ఉద్యోగానికి పోవాలా, ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉందా అన్నది కౌన్సిల్ పట్టించుకోనక్కర్లేదు. అమ్మ వెచ్చించే గంటకు ప్రభుత్వ లెక్కలో ధర సున్నా అని ఆ తీర్పు నుంచి కౌన్సిళ్లు నేర్చుకున్నాయి. పొదుపు చేయాల్సి వచ్చినప్పుడల్లా ఆ సున్నానే వాడుకుంటున్నాయి.

మామూలు పిల్లల బస్సుల వల్ల ఇంత ఖర్చు పెరగలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో 2014లో కొత్త చట్టం వచ్చింది. విద్య, ఆరోగ్యం, సంరక్షణ మూడింటినీ కలిపి ఒక్కో పిల్లకు చట్టబద్ధమైన ప్రణాళిక రాసిస్తారు. 2015 జనవరిలో పాత పద్ధతి పత్రాలతో కలిపి ఇలాంటివి 2,40,000 ఉండేవి. 2025 జనవరికి 6,38,000 దాటాయి. ఆటిజం, మాట రాకపోవడం, మానసిక ఆందోళన లాంటివాటిని గుర్తించడం పెరిగింది. తల్లిదండ్రులకు తమ హక్కు తెలిసింది. మామూలు బడుల్లో సహాయక సిబ్బంది తగ్గిపోవడంతో, కాగితం మీద హక్కుంటే తప్ప సాయం అందదన్న భయమూ తోడైంది.

ప్రణాళికలు పెరిగినంత వేగంగా దగ్గర్లో ప్రత్యేక బడులు పెరగలేదు. ఉన్నవి నిండిపోయాయి. దాంతో పిల్లల్ని ఊరవతల, జిల్లా అవతల ఉన్న ప్రైవేటు ప్రత్యేక బడులకు పంపుతున్నారు. అక్కడి ఫీజు కౌన్సిలే కట్టాలి, రోజూ తీసుకెళ్లి తేవడమూ కౌన్సిల్ పనే. ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు పోతుంటే పదిమందిని ఒక బస్సులో ఎక్కించడం కుదరదు. ఆడిట్ కార్యాలయం లెక్క ప్రకారం మామూలు పిల్లకు ఏడాదికి సగటు రవాణా ఖర్చు 1,526 పౌండ్లు. ప్రత్యేక అవసరాలున్న పిల్లకు 8,116 పౌండ్లు, అంటే సుమారు తొమ్మిది లక్షల రూపాయలు. బడి నడిచే 190 రోజులకు పంచితే రోజుకు 43 పౌండ్ల దాకా వస్తుంది. కోవిడ్ తర్వాత టాక్సీ డ్రైవర్లు వేరే పనులకు వెళ్లిపోయారు. పల్లెల్లో మామూలు బస్సు సర్వీసులు రద్దయ్యాయి. టెండరుకు ఒక్కరే వచ్చే చోట అడిగిన రేటు ఇవ్వక తప్పలేదు.

కౌన్సిళ్లు ఎలా స్పందించాయి? నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ 2024 జూలైలో నిబంధన మార్చింది. అంతవరకు ఊరు ఏ బడి పరిధిలో ఉంటే ఆ బడికి ఉచిత బస్సు ఉండేది. ఇకపై దూరంలో అన్నిటికంటే దగ్గరున్న బడికి మాత్రమే అంది. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇది సబబుగానే కనిపిస్తుంది. అక్కడి లోయల్లో ఉండేవాళ్లకు మాత్రం దగ్గరి బడి కొండ కనుమ అవతల ఉంది. చలికాలంలో మంచు పడితే ఆ దారి మూతపడుతుంది. అన్నయ్య ఒక బడికి, చెల్లి ఇంకో బడికి పోవాల్సిన ఇళ్లున్నాయి. తల్లిదండ్రులు గట్టిగా పోరాడినా నిర్ణయం మారలేదు. 2023 సెప్టెంబరులో దివాలా ప్రకటించినంత పనిచేసిన బర్మింగ్‌హామ్ కౌన్సిల్, మరుసటి ఏడాది కోతల జాబితాలో పిల్లల రవాణానూ చేర్చింది. పదహారేళ్లు దాటినవాళ్లకు వాహనం పంపడం కౌన్సిళ్ల ఇష్టం కాబట్టి కత్తెర ముందు అక్కడే పడుతోంది. వైకల్యం మాత్రం పదహారో పుట్టినరోజున మాయం కాదు. కారు ఆగిపోయిన రోజున అమ్మో నాన్నో ఉద్యోగం మానుకుని డ్రైవర్ అవుతారు.

పొదుపు మార్గాలన్నీ చెడ్డవేమీ కాదు. ఒంటరిగా బస్సెక్కడం, దిగాల్సిన చోటు గుర్తుపట్టడం, బస్సు రాకపోతే ఏం చేయాలో తెలుసుకోవడం లాంటివి ఓపిగ్గా నేర్పే శిక్షణ కొన్ని కౌన్సిళ్లలో ఉంది. పెద్ద పిల్లలు కొందరికి అది టాక్సీ కంటే మేలు చేస్తుంది, బతుకంతా పనికొస్తుంది. సొంత కారున్న తల్లిదండ్రులకు మైళ్ల లెక్కన డబ్బిచ్చే పద్ధతి కూడా, వాళ్లు ఇష్టపడి ఒప్పుకుంటే మంచిదే. కానీ అసలు మందు దగ్గర్లో సీట్లు కల్పించడం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు 10,000 కొత్త సీట్ల కోసం బ్రిటన్ ప్రభుత్వం 74 కోట్ల పౌండ్లు ప్రకటించింది. రవాణా ఖర్చును ఏదైనా తగ్గించగలిగితే అది ఇలాంటి పద్దే. మరో టెండరు నిబంధన వల్ల అయ్యే పని కాదు.

అమెరికాలో పసుపు రంగు బడి బస్సు వెనక ఉన్నది బడుల విలీనమే. ఊరికొకటిగా ఉన్న ఒంటిగది బడుల్ని మూసి పెద్ద బడులు కట్టినప్పుడు బస్సులు అవసరమయ్యాయి. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యావేత్త ఫ్రాంక్ సైర్ జరిపించిన సమావేశంలో ఆ బస్సులకు దేశమంతటికీ ఒకే ప్రమాణాలు, ఆ పసుపు రంగు ఖాయమయ్యాయి. ఇప్పుడు అక్కడా డ్రైవర్లు దొరకడం లేదు.

బోస్టన్ నగరం 2017లో దారుల లెక్కను ఎంఐటీ పరిశోధకులకు అప్పగించింది. వాళ్ల కంప్యూటర్ పద్ధతి 50 బస్సుల్ని, 50 లక్షల డాలర్లను మిగిల్చింది. ఆ ఉత్సాహంతో బడి వేళల్నీ అదే పద్ధతిలో మార్చబోయారు. కొన్ని ప్రాథమిక బడులకు పొద్దున ఏడుంపావుకే గంట కొట్టాల్సి వచ్చేసరికి తల్లిదండ్రులు తిరగబడ్డారు, ప్రతిపాదన వెనక్కి పోయింది. లూయీవిల్‌లో నగరంలో ఇంకా ఘోరం జరిగింది. డ్రైవర్ల కొరత తట్టుకోవడానికి కంప్యూటర్‌తో కొత్త దారులు గీయించారు. 2023 ఆగస్టు 9న, బడి తెరిచిన తొలి రోజే, కొందరు పిల్లలు ఇల్లు చేరేసరికి రాత్రి పది కావచ్చింది. వారం పైగా బడులు మూసేశారు. ఆ మరుసటి ఏడాది, ఇంటికి దూరంగా ఉన్నా ఎంచుకుని చేరిన ప్రత్యేక పాఠ్యాంశాల బడుల్లో ఎక్కువ వాటికి బస్సులు ఆపేశారు. బస్సు ఆగితే బడిని ఎంచుకునే హక్కు కారున్న ఇళ్లకే మిగులుతుంది.

మన సంగతికి వద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం పొరుగునే బడి ఉండాలంటుంది. కేంద్రం రాసిన నమూనా నిబంధనల ప్రకారం ఐదో తరగతి వరకు కిలోమీటరులోపు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలి. బడి పెట్టలేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా గానీ, హాస్టల్ గానీ ఏర్పాటు చేయాలి. ఈ పని కోసం సమగ్ర శిక్ష పథకం కింద ఒక్కో పిల్లకు ఇచ్చేది ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు. నెలకు 600 చొప్పున పది నెలలు. 220 పనిదినాలకు పంచితే రోజుకు 27 రూపాయలు, అది కూడా రానుపోను కలిపి.

ఆ 600 చేరే తీరు చూడాలి. ముందు హెడ్మాస్టరు ఆవాసాల వారీగా పేర్లు రాస్తాడు. ఇంటికీ బడికీ దూరమెంత, మధ్యలో ఇంకో సర్కారు బడి ఉందా లేదా అన్నది ధ్రువీకరించాలి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్కించాలి. జాబితా మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసుకు, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళుతుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో సొమ్ము విడుదల కావాలి. ఆటోవాడు మాత్రం ఏ నెలకా నెల చేయి చాస్తాడు. కూలి డబ్బుల్లోంచి ముందు ఆటోకు కట్టి, ఖాతాలో ఎప్పుడో పడే భత్యం కోసం ఎదురుచూడగలిగిన ఇంట్లోనే పిల్ల బడికి పోతుంది. ఎదురుచూడలేని ఇంట్లో వానాకాలం రాగానే నాగా మొదలవుతుంది, సంక్రాంతి నాటికి పేరు రిజిస్టర్లోనే మిగులుతుంది.

ఇంగ్లండ్‌లో ఖర్చు కొండలా పెరగడానికి కారణం అక్కడ హక్కును గట్టిగా అడిగి తీసుకోవడం. మన దగ్గర ఖర్చు అణిగి ఉండడానికి కారణం అడిగేవాళ్లు లేకపోవడం. ప్రత్యేక అవసరాల పిల్లల విషయంలో ఇది కళ్లకు కడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడికి పిల్లను తీసుకొచ్చే తల్లికి రవాణా, ఎస్కార్ట్ భత్యాలు ఇస్తారు. అయితే పదేళ్ల పిల్లను చంకనెత్తుకుని రెండు ఆటోలు మారే తల్లికి నెలకు కొన్ని వందలు ఏ మూలకు? కొన్నాళ్లు వచ్చి మానేస్తుంది. మానేసిన పిల్లకు ఖర్చు ఉండదు కాబట్టి లెక్కల్లో అది పొదుపులా కనిపిస్తుంది. తక్కువ ఖర్చును సమర్థతగా చూపే నివేదికలను నమ్మకూడనిది ఇందుకే.

విలీనాల కథ ఇంకోటి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117 జీవో ప్రకారం ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరులోపు ఉన్న హైస్కూళ్లలో కలిపారు. సబ్జెక్టు టీచర్లు చెబుతారు, చదువు బాగుపడుతుందన్నారు. ఆ వాదనలో పస లేకపోలేదు. ఒకే పంతులు ఐదు తరగతుల్ని ఏకకాలంలో చూసుకునే బడిలో పిల్లలకు అక్షరం అందడం కష్టం. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు కిలోమీటరు అంటే పటం మీద గీత కాదు. మధ్యలో హైవే ఉంటుంది, కాలువ ఉంటుంది, రైలు పట్టాలుంటాయి. 2022 జూలైలో ఎన్నో ఊళ్లలో అమ్మానాన్నలు బడి గేట్లకు తాళాలు వేసి పిల్లలతో రోడ్డు మీద కూర్చున్నది అందుకే.

ఈ లెక్కలో ఒక కిటుకు గమనించాలి. దూరం కిలోమీటరు దాటలేదు కాబట్టి రవాణా భత్యం ఇవ్వనక్కర్లేదు. ప్రభుత్వానికి టీచర్ పోస్టులు మిగిలాయి, ఆటో ఖర్చు ఇంటి మీద పడింది. ఖర్చు తగ్గలేదు, ప్రభుత్వ పుస్తకం నుంచి ఇంటి పుస్తకానికి మారిందంతే. పిల్లల్లో కొందరు, ఎటూ ఆటో ఎక్కాలి కదా అని, ఇంటి ముందుకే బస్సు పంపే ప్రైవేటు బడికి మారిపోయారు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి తొమ్మిది రకాల బడుల కొత్త వర్గీకరణ తెచ్చింది. మోడల్ ప్రైమరీ బడుల పేరుతో తరగతుల్ని ఒకచోట చేర్చే ఆలోచన మాత్రం కొనసాగింది. తెలంగాణలో విద్యా కమిషన్ మండలాల్లో పెద్ద పబ్లిక్ స్కూళ్లు కట్టాలని, వాటికి రవాణా సౌకర్యం కూడా ఉండాలని సిఫారసు చేసింది. బడితో పాటే బస్సును ఆలోచించడం సరైన పద్ధతి. అది సిఫారసు పుస్తకం దాటి బడ్జెట్ పద్దు కావాలి.

ఆర్టీసీ లేకుండా తెలుగు పల్లెల చదువు గురించి మాట్లాడలేం. నైట్‌హాల్ట్ చేసి తెల్లవారుజామున బయల్దేరే పల్లెవెలుగు బస్సు ఎన్ని వేలమందిని హైస్కూలుకు, జూనియర్ కాలేజీకి చేర్చిందో చెప్పనలవి కాదు. పదో తరగతి వరకు బాలికలకు, పన్నెండేళ్ల లోపు అబ్బాయిలకు ఉచిత పాసులు, మిగతా విద్యార్థులకు రాయితీ పాసులు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ రాయితీ భారం ప్రభుత్వం తిరిగి చెల్లించాల్సింది. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయేవి, నష్టాల్లో ఉన్న సంస్థ ముందుగా కోసేది రాబడి లేని పల్లె సర్వీసునే. ఆ సర్వీసు ఆగితే పాసు చేతిలో ఉండి ఏం లాభం?

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో మహిళలకు ఉచిత బస్సు పథకాలు మొదలయ్యాయి. తెలంగాణలో 2025 జూలై నాటికే ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. ఇంటర్ చదివే అమ్మాయికి ఇది కొండంత అండ. పదో తరగతితో ఆగిపోయే చదువు పక్క పట్నం దాకా సాగుతోంది. ఈ పథకాల సొమ్ములో కొంత చదువు మీద పెట్టిన ఖర్చే అయినా విద్యాశాఖ పద్దులో ఎక్కడా కనిపించదు. స్కాట్లండ్ 2022 జనవరి 31 నుంచి 22 ఏళ్ల లోపు వాళ్లందరికీ, ఆడామగా తేడా లేకుండా, బస్సు ఉచితం చేసింది. మన దగ్గర అదే ఇంట్లో పన్నెండేళ్లు దాటిన తమ్ముడు పాసుకు డబ్బు కట్టాలి. అంతకంటే పెద్ద చిక్కు బస్సుల సంఖ్య. ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. బడి వేళకు వచ్చే ఒక్క బస్సు ఆపకుండా వెళ్లిపోయిందని పిల్లలు రోడ్డు మీద బైఠాయించిన ఘటనలు రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. ఫుట్‌బోర్డు మీద వేలాడే అబ్బాయిల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రవాణా అంటే డబ్బు ఒక్కటే కాదు, ప్రాణం కూడా. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద ప్యాసింజరు రైలు బడి బస్సును ఢీకొట్టింది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయారు. ఊళ్ల నుంచి పట్నం బడులకు ఇలాంటి వాహనాలు ఇన్ని తిరగడమే మన బడుల వ్యవస్థ ఎలా మారిందో చెబుతుంది. ఫిట్‌నెస్ పరీక్షలు, స్పీడ్ గవర్నర్లు, అటెండర్ తప్పనిసరి లాంటి నిబంధనలకు ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టాల్సిందే. నిబంధనలు పట్టని ఆటోలో పన్నెండుమందిని కుక్కి తీసుకెళితే చవకే, ఆ చవక ఎవరికీ వద్దు.

దూరానికి వేరే జవాబులూ ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది. ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలు, తర్వాత కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఆ దారిలోవే. వాగులు దాటాల్సిన గూడేలకు వేరే గతి లేదు. అయితే ఆరేళ్ల పిల్లను అమ్మకు దూరం చేయడం కంటే గూడెంలోనే చిన్న బడి నడపడం మేలు.

బిహార్ ఇంకో దారి చూపింది. 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి బాలికకు సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలిచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ ఆ పథకాన్ని పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో హైస్కూలులో బాలికల చేరిక 32 శాతం పెరిగిందని, ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య అంతరం 40 శాతం తగ్గిందని చూపారు. బడి మూడు కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనిపించింది. ఊరి అమ్మాయిలందరూ గుంపుగా సైకిళ్ల మీద పోవడం వల్ల దారిలో భయమూ తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు బాలికలకు సైకిళ్లిచ్చారు. ప్రభుత్వం మారితే ఆగిపోయే పథకంగా కాక, ఏటా జరిగే పనిగా అది ఉండాల్సింది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల విద్యాశాఖలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బడిని కలపాలన్నా మూయాలన్నా ఆ ఫైలులోనే ఏ పిల్ల ఎంత దూరం పోవాలి, ఎలా పోవాలి, ఏడాదికి ఎంతవుతుంది, ఎవరు కడతారు అన్నది రాసి గ్రామసభ ముందు పెట్టాలి. దూరాన్ని పటం మీద కాకుండా, రోడ్డూ కాలువా చూసి, పిల్ల నడిచే దారిలో కొలవాలి. ప్రత్యేక అవసరాల పిల్లలకు 6,000 గీతను ఎత్తేసి, అయిన ఖర్చు ఇవ్వాలి. బడి వేళల్ని, పల్లెవెలుగు వేళల్ని డిపో మేనేజర్లు, ఎంఈవోలు కూర్చుని ఏటా మేలోనే కుదర్చాలి. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. మొదటి మూడు నెలల భత్యం ఆ రోజుకల్లా తల్లుల ఖాతాల్లో ఉండాలి.